గ్రహణం పట్టిన క్షణం

ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చున్నది ఒక చిన్న అంకె. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో లెక్కల మాస్టరును. జమ్మలమడుగులో సాల్మన్ మాస్టరు, పులివెందులలో కమలమ్మ టీచరు నా స్నేహితులు. సూర్యగ్రహణం వస్తోందని తెలిసి ముగ్గురం ఎగిరి గంతేశాం. ఎవరి ఊళ్లో వాళ్లం మసి పట్టించిన గాజులోంచి చూస్తూ, గ్రహణం పట్టే క్షణాన్ని గడియారంతో పట్టుకోవాలి. ఆ ఊరికి ముందే లెక్కగట్టిన సమయానికి అది ఎన్ని సెకన్లు అటూ ఇటూ అయిందో చూసి, ముగ్గురి అంకెలకూ సగటు తీయాలి. ఒకరి పొరపాటును ఇంకొకరి అంకె సర్దేస్తుంది. కానీ తనది చెప్పకముందే ఒకరి అంకె ఇంకొకరు వినకూడదు. ఆ కిటుకు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మిద్దె మీద నిలబడి చంద్రుడి నడకను కొలవబోతున్నాం!

పట్టింది! సూర్యుడి అంచున గోటితో గిల్లినంత నలుపు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? పురోహితుల ఇంట పుట్టినవాణ్ణి. చిన్నప్పుడు గ్రహణం పట్టగానే పట్టుస్నానాలకు పెద్దవాళ్లను కేకేయడం నా పని. ఆ అలవాటే నన్ను లాక్కుపోయింది. "పట్టింది, పట్టింది" అని అరుస్తూ మెట్లు దిగి పరిగెత్తాను. గడియారం గుర్తొచ్చేసరికి ఆ క్షణం దాటిపోయింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక సాల్మన్ ఇంట్లో కలిశాం. ఆత్రం ఆగక అతను తన అంకె ముందే చెప్పేశాడు. నేను చూడలేదని అనొచ్చు కదా? అందరి సంబరమూ నీరుగారిపోతుందని భయం. సిగ్గు కూడా. అదే అంకె చెబితే అనుమానమొస్తుందని ఒక సెకను కలిపి చెప్పాను. కమలమ్మ టీచరుది మా ఇద్దరికీ చాలా దూరంగా వచ్చింది.

"మన ఇద్దరివీ కలిసినాయి గదప్పా! ఆయమ్మది యాడికో పోతాంది. తీసేద్దామా?" అన్నాడు సాల్మన్ హుషారుగా.

"టిక్కులు లెక్కబెట్టుకుంటానే చూసినా సార్. చూసిందే చెప్తాండా," అందామె నావైపు తిరిగి.

"తీసేద్దాం," అన్నాను.

ఆమె సంచిలోంచి తన గాజు తీసి, మసిని కొంగుతో తుడిచేసింది. ఆ తర్వాత మాతో ఏ గ్రహణమూ చూడలేదు.

ఇద్దరు ఒకవైపు, ఆమె ఒక్కతే ఒకవైపు అనుకున్నాడు సాల్మన్. నాది అతని అంకే కాబట్టి, నిజానికి అటు ఒకరే, ఇటు ఒకరే. మరి ఆమెదే సరైనదా? అదీ తెలియదు. తెలియదని చెప్పి ఊరుకోవాల్సిన చోట ఆమె కళ్లను తప్పుబట్టాను. ఇవాళ్టికీ ఆకాశం లెక్క ఏదైనా తేలితే చిన్నపిల్లాడిలా ఎగురుతాను, అంతలోనే తుడిచేసిన ఆ గాజు గుర్తొస్తుంది.

ఆమె ఎక్కడుందో తెలియదు. క్షమించమని అడగడం లేదు. ఆ రోజు నేను గడియారం చూడలేదు. హమ్మయ్య, నోరు తెరిచి అన్నాను.