ఇంచు మీద రెండు సూత్‌లు

నేను గాజులవాణ్ణి. నారాయణఖేడ్‌లో మా ఇంటి అరుగే మా దుకాణం. తాతల కాలంలో బీదరు వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది, ఇంట్లో సగం కన్నడం, సగం తెలుగు. గాజు కొలత నాకు తెలిసినంతగా తాలూకా మొత్తంలో ఎవరికీ తెలియదని నాకు పొగరుండేది. ఆ పొగరు నా ఇంటినే కాల్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇంటిదానిది కంగ్టి అవతలి ఊరు. భుజాన గాజుల సరాలు కట్టిన మలారం వేసుకుని మనూర్, కల్హేర్ వారపు అంగళ్లకు కాలినడకన పోయి వచ్చేది. నేను అరుగు మీద కూర్చుని అమ్మేవాణ్ణి, ఆమె ఊళ్లు తిరిగి అమ్మేది. చెయ్యి పట్టుకుని వేళ్ల కణుపులు ఒకసారి నొక్కి చూస్తే చాలు, సైజు చెప్పేసేది. చెయ్యి ఎదురుగా లేనప్పుడు మాకొక పద్ధతి ఉంది. ఊళ్లో ఉన్న కోడలికో, బాలింతకో గాజులు కావాలంటే ఆమె పిడికిలి చుట్టూ దారం చుట్టి, కొసలు కలిసిన చోట తెంపి పంపిస్తారు. ఆ దారాన్ని మూడు మడతలు వేస్తే గాజు సైజు తేలుతుంది. ఎన్ని వందల దారాలు అలా మడిచానో లెక్క లేదు. ఒక్క గాజూ వాపసు రాలేదు.

మా గల్లీలో అంతకుముందు నీళ్లకు దిగుడు బావే గతి. మెట్లు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ముంచుకోవాలి. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి కాలిలోంచి నారి పురుగు వచ్చేది. దారం మాదిరి సన్నగా, మూరెడు పొడుగు. దవాఖాన డాక్టరు వచ్చి, పుండు కాళ్లతో నీళ్లలో దిగితే ఆ పురుగు పిల్లలు నీళ్లలో కలుస్తాయని, తాగినవాళ్ల ఒంట్లో మళ్లీ పెరుగుతాయని చెప్పాడు. అప్పుడు గల్లీవాళ్లందరం కలిసి వాడకంలో లేని ఇంకో పాత బావిని పూడిక తీసి, బండలతో మూత వేయించి, పైన చేతిపంపు పెట్టించుకున్నాం. నాలుగేళ్లు ఎవరికీ నారి రాలేదు.

యుద్ధం రోజుల్లో, ఒక ఎండాకాలం మొదట్లో ఆ పంపు ఆగిపోయింది. ఎంత కొట్టినా గాలే తప్ప చుక్క రాలేదు. జహీరాబాదు నుంచి మిస్త్రీని పిలిపించాం. ముసలివాడు, కళ్లద్దాలు కూడా సరిగ్గా ఉండవు. కింది పైపు తుప్పుకు చిల్లి పడిందని తేల్చాడు.

"ఇంచ్ మీద దో సూత్ పైపు, రెండు తుకడాలు తెప్పియ్యండి. తెచ్చినంక కబురు చెయ్యండి, వస్త," అన్నాడు.

ఇంచులో ఎనిమిదో వంతు సూత్. నాకు ఆ లెక్క తెలుసు, మా గాజులకూ అదే లెక్క. గాజుల సరుకు కోసం నేను ఎలాగూ పట్నం పోవాలి. పైపులు నేనే తెస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాను.

బండెక్కే ముందు, చేతిలో దారం ఉండగా ముసలోడి మాట నమ్మడమెందుకు అనిపించింది. పంపు కింద పైకి కనిపిస్తున్న పైపు చుట్టూ దారం చుట్టాను. తెంపాను. మూడు మడతలు వేసి కొలిచాను. ఇంచు మీద ఆరు సూత్‌లు వచ్చింది. రెండు కాదు, ఆరు. మిస్త్రీకి కళ్లు పోయాయని అరుగు మీద నలుగురి ముందు నవ్వాను కూడా.

పట్నంలో ఇనుప సామాను దుకాణం మనిషికి నా సైజు చెబితే వింతగా చూశాడు. "ఆ సైజు పైపే రాదు. డేఢ్ ఇంచ్ ఉంది, నైతే దో ఇంచ్," అన్నాడు. ఒక పైపు అంచు మీద వేలు పెట్టి, "నీది లోపలి కొలతనా, బయటిదా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను కాపాడటానికే వచ్చి ఉంటుంది. నేను దాన్ని తన్నేశాను. "పైపుకు లోపలేంది, బయటేంది? పైపు పైపే," అన్నాను.

రెండింటిలో చిన్నదే మేలనుకుని, ఇంచున్నర పైపులు రెండు కట్టించుకుని రైల్లో జహీరాబాదుకు, అక్కడి నుంచి ఎద్దుల బండి మీద ఊరికి తెచ్చాను. మిస్త్రీ వచ్చి పాత పైపు పైకి లాగాడు. కొత్తదాన్ని దాని పక్కన పెట్టగానే చేతులు దులుపుకున్నాడు. పైపు చివర ఇంకో పైపు బిగించడానికి చెక్కిన మరను వాళ్లు చూడీ అంటారు. గాజునూ చూడీ అనే అంటారు.

"చూడీ నై బైఠ్తీ," అన్నాడు నా ముఖంలోకి చూస్తూ. "నువ్వు చూడీవాలావే గదా. ఈ చూడీ ఆ చూడీల ఎట్ల కూసుంటది?"

రెండు సైజులను కలిపే సాకెట్టు ఒకటి ఉంటుందట. అదీ ఆ రోజుల్లో దొరకలేదు. మార్చుకుందామని పట్నానికి మనిషిని పంపితే ఇనుమంతా యుద్ధానికే పోతోంది, దుకాణంలో లేదన్నారు.

మిస్త్రీ వెళ్లిపోయిన సాయంత్రం ఇంట్లో నేను దారం మడిచి, విప్పి, మళ్లీ మడిచి చూసుకుంటున్నాను. మా ఇంటిది వచ్చి దారం నా చేతిలోంచి తీసుకుంది.

"బళె బయట కొలుస్తరా ఎవరన్నా?" అంది. మా ఇళ్లలో గాజును బళె అనే అంటాం. "చేతికి దారం చుడితే గాజు లోపలి కొలత వస్తది. పైపుకు చుడితే పైపు బయటి కొలతే వస్తది. మిస్త్రీ చెప్పింది లోపలిది. పైపు చెయ్యి కాదు. పైపే గాజు."

ముంజేతి కంకణానికి అద్దం కావాలా అంటారు. ముప్పై ఏళ్లు కంకణాలే అమ్మినవాడికి కావాల్సి వచ్చింది.

సరైన పైపులు దొరికేసరికి ఎండాకాలం గడిచిపోయింది. బీదరులో ఎవరో పాత మిల్లు విప్పితే వచ్చాయి. అన్ని రోజులూ గల్లీ మొత్తం మళ్లీ దిగుడు బావికే పోయింది. డాక్టరు బట్టతో వడగట్టుకుని తాగమన్నాడు. ఆమె నాకిచ్చే ప్రతి చెంబూ వడగట్టే ఇచ్చింది. తాను మాత్రం ఊళ్లు తిరిగి తిరిగి వచ్చి, మలారం మెట్ల మీద దించి, దోసిలితో అక్కడే తాగేది. నేను చూశాను. చూసి ఏమీ అనలేదు. ఏ ముఖం పెట్టుకుని అనాలి?

మరుసటి ఎండాకాలం ఆమె చీలమండ దగ్గర బొబ్బ లేచింది. బొబ్బ పగిలి తెల్లటి కొస బయటికి వచ్చింది. ఆ కొసను పుల్లకు చుట్టి, రోజుకు వేలెడు చొప్పున లాగాలి, తొందరపడితే తెగుతుంది, తెగితే లోపలే కుళ్లుతుంది. తొమ్మిది రోజులు నేనే చుట్టాను. పుల్ల మీద ఆ దారాన్ని చూసినప్పుడల్లా నా దారమే కనబడేది. గల్లీలో ఇంకో ముగ్గురికి కూడా వచ్చింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

పదో రోజు పొద్దున చూస్తే పుల్ల పక్కలో పడి ఉంది. నిద్రలో ఎప్పుడు తెగిందో తెలియదు. మధ్యాహ్నానికి కాలు మోకాలి దాకా ఉబ్బింది. దవాఖానకు బండి మీద తీసుకుపోయాం. డాక్టరు కోసి చీము తీశాడు, ఇంతకంటే తన చేతిలో లేదన్నాడు. జ్వరం దిగలేదు. మూడు వారాల్లో ఆమె చిక్కి సగమైంది.

చివరి రోజుల్లో ఒకసారి మాత్రం అడిగింది. "పంపు నీళ్లు మంచిగ వస్తున్నయా?"

"వస్తున్నయి," అన్నాను.

"అయితే ఇగ పరేషాన్ గాకు," అంది. ఆ మాటకు బదులు ఆమె నన్ను తిట్టి ఉంటే నేను కొంచెమైనా బతికేవాణ్ణి.

ఆమె పోయిన రోజు పొద్దున గల్లీ ఆడవాళ్లు స్నానం చేయించి, ముత్తైదువ కాబట్టి చేతుల నిండా గాజులు వేసి పంపాలన్నారు. ఆమె సైజు రెండున్నర ఇంచులు, పెళ్లినాటి నుంచి అదే. అవి తెచ్చి ఇచ్చాను. చెయ్యి కిందికి వాల్చగానే జారి నేల మీద పడ్డాయి.

పెద్దావిడ ఒకామె బయటికి వచ్చి, "ఏ సైజు తెమ్మంటవు?" అని నన్నే అడిగింది.

దారం తీసుకుని లోపలికి పోయాను. ఆమె పిడికిలి చుట్టూ చుట్టి, తెంపి, మూడు మడతలు వేశాను. రెండించుల మీద రెండు సూత్‌లు. మలారంలోంచి ఆ సైజు ఆకుపచ్చ గాజులు తీసి నేనే తొడిగాను. ఒక్కటీ జారలేదు.