చీకటి గదిలో పురుడు

సముద్రజీవుల పరిశోధనశాలలో నీటి తొట్లు చూసుకునే ఆయన్ని అందరూ స్వెట్టరాయన అనేవారు. నడివేసవిలో రెండు స్వెట్టర్లు వేసుకుని తిరిగే మనిషిని ఇంకేమంటారు? ఆయన పని మంచుగడ్డలాంటి గదిలో. అక్కడి తొట్టిలో అడుగున బురద, పైన చల్లటి ఉప్పునీళ్లు, చుట్టూ కటిక చీకటి. అందులో ఉన్నది లోతు సముద్రపు స్కేట్ చేప గుడ్డు మరి! పెద్దయ్యాక కూడా విసనకర్రంతే ఉండే ఆ పలచటి చేప, వెలుగు చొరబడని చోట బురద కప్పుకుని బతుకుతుంది. దాని గుడ్డేమో నాలుగు మూలలా కొమ్ములున్న తోలుసంచిలా ఉంటుంది. ఆ చలికి లోపలి పిల్ల ఏడాది దాటినా తీరిగ్గా పెరుగుతూనే ఉంటుంది.

ఆ గుడ్డును స్వెట్టరాయన కంటికి రెప్పలా కాచాడు. కాకపోతే కంటితో చూడకుండా కాచాడు. లైటు వేస్తే పిల్ల బెదురుతుందని స్విచ్చికి అట్టముక్క అంటించాడు. తుమ్మొస్తే బయటికి పరుగెత్తేవాడు.

"బావా, మా అక్క కడుపుతో ఉన్నప్పుడు ఇందులో సగమైనా చేశావా?" అన్నాడు అక్కడే ఎలక్ట్రీషియన్‌గా ఉన్న బావమరిది, చీకట్లో బకెట్లో కాలుపెట్టి.

"మీ అక్క నా తుమ్ముకి బెదిరే రకమా? ముందు కాలు తియ్యి."

ఒకరోజు పై అధికారి మేడమ్ వచ్చింది. "ఇంకా ఉలుకూ పలుకూ లేదు. గుడ్డు పోయుంటుంది. సాయంత్రానికి తొట్టి ఖాళీ చెయ్యి, పీతలొస్తున్నాయి."

"పిల్ల బతికే ఉంది మేడమ్, చూపిస్తానుండండి" అంటూ స్వెట్టరాయన నీళ్లలో చెయ్యి పెట్టాడు. సంచి ఉల్లిపొరలా తేలిగ్గా పైకొచ్చింది. ఒక అంచున నోరు తెరుచుకుని ఉంది. తడిమితే లోపల ఏమీ లేదు.

"అయ్యో, కరిగిపోయింది!" అంటూ అక్కడే కూలబడ్డాడు.

బావమరిది అట్ట పీకేసి లైటు వేశాడు.

"ఆర్పరా!"

"లేని పిల్ల ఎలా బెదురుతుంది బావా?"

వెలుగు పడగానే బురద కదిలింది. అరచేయంత కూడా లేని విసనకర్ర ఒకటి అంచులు ఆడిస్తూ విసుగ్గా పక్కకు జరిగి, కళ్లు మాత్రం బయట ఉంచి మళ్లీ బురద కప్పుకుంది.

మేడమ్ వంగి చూసింది. "ఎప్పుడు పుట్టింది?"

స్వెట్టరాయన కిందపడ్డ అట్టముక్క తీశాడు. "చీకటి కదండీ..."

"పురుడు పోసిన మంత్రసానికే కబురు అందలేదు మేడమ్!" అన్నాడు బావమరిది.

మేడమ్ నవ్వాపుకోలేకపోయింది. "పీతల్ని ఇంకెక్కడైనా సర్దుతాలే. దీన్ని నువ్వే పెంచు. రోజుకోసారి మాత్రం లైటేసి చూడు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "అలాగే మేడమ్. పొద్దున్నా, సాయంత్రమా? ఏ పూటైతే దానికి ఇబ్బంది ఉండదంటారు?"