ఊరికే వెళ్లే దారి

మా వైపు ఇంట్లోంచి బయలుదేరిన మనిషిని “ఎక్కడికి?” అని అడగరు. అలా అడిగితే వెళ్లే పని చెడుతుందంటారు. “దూరమా అండీ?” అంటారు. అంటే ఎక్కడికో చెప్పమనే. బస్సు కోసం నిలబడ్డవాళ్లు “జంక్షన్ దాకా” అంటారు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు “నూజివీడు” అంటారు, అంతటితో అయిపోతుంది. నేను సైకిలెక్కాక ఆ చిన్న ప్రశ్నే నా ప్రాణం మీదికొచ్చింది. ఎందుకంటే నేను ఎక్కడికీ వెళ్లడం లేదు.

“ఊరికేనండీ,” అన్నాను మొదటిరోజు పాలకేంద్రం దగ్గర.

“ఏ ఊరికి?” అన్నారెవరో. అక్కడున్న వాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, అదే నవ్వు. ఆ రోజు నాకు ఒళ్లు మండింది.

ఆ సైకిలు హనుమాన్ జంక్షన్‌లో కొన్నాను. లావు టైర్లది, గేర్లున్నది. “మనవడికాండీ?” అన్నాడు షాపతను. నాకే అన్నాను. సీటు కిందికి దించుతున్నంతసేపూ అతను నన్ను కాదు, పక్కనున్న మా ఆయన్ని చూశాడు. ఆయనేమో రోడ్డు మీద పోయే లారీల్ని చూస్తూ నిలబడ్డారు.

నేను హైస్కూలుకి సైకిలు మీద వెళ్లినదాన్నే. పెళ్లయ్యాక అడిగితే, “నీకు సైకిలుతో ఏం పనమ్మా?” అన్నారు అత్తగారు. నిజమే, పనేం లేదు. పనున్న చోటికి మగవాళ్లే వెళ్లేవాళ్లు. యాభై దాటాక కూడా ఏ పనీ కనిపించలేదు. అందుకని పని లేకుండానే కొనుక్కున్నాను.

మా రెండిళ్ల వెనక బావగారి మామిడితోట. ఆయన మా ఆయనకి అన్నగారు. తోట మధ్యలోంచి బండి దారి ఉంది, అది దాటితే ఎర్ర గ్రావెల్ రోడ్డు. పంపకాలప్పుడే ఆ దారి అన్నదమ్ములిద్దరిదీ అని మామగారు చెప్పారు. కానీ గేటు పెట్టించింది బావగారు, తాళంచెవి ఉండేది ఆయన మొలతాడుకే. పొద్దున కూలీల కోసం ఆయన తెరిచినప్పుడు వాళ్ల వెనకే నేనూ దూరిపోయేదాన్ని.

గ్రావెల్ రోడ్డు మొదట రసాల తోటల పక్కనే పోతుంది. తర్వాత జామాయిల్ చెట్లు, ఆ తర్వాత అడవి. టేకు, మోదుగ, దారి పొడవునా సీతాఫలం పొదలు. మైలవరం వైపు కొండలు అక్కడ్నుంచి దగ్గరగా కనిపిస్తాయి. ఎత్తు మొదలైన చోట గేరు మార్చాలి, లేకపోతే తొడలు పట్టేస్తాయి. టైర్ల కింద కంకర కరకరలాడుతుంది. ఒక్కోసారి నెమలి అడ్డంగా పరిగెత్తి, నన్ను తిట్టినట్టు అరిచి పొదల్లో దూరుతుంది. మొదట్లో సగం ఎత్తు దాకా దిగి నడిపించుకుంటూ వెళ్లేదాన్ని. దిగకుండా పైదాకా తొక్కిన రోజు అడవి వినేలా కేక పెట్టాను. కోతులు తప్ప ఎవరూ లేరు. ఇక వెనక్కి దిగడమంటే ఏం చెప్పను! చీర మడమలకి తగలకుండా ఎగదోపి, బ్రేకు మీద వేళ్లుంచి, గాలికి ముఖమిచ్చి రావడమే. నా వయసులో ఇంత సంతోషం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

“ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పులని చెప్పు,” అన్నారు మా ఆయన. “డాక్టరు తొక్కమన్నాడని చెబితే నోళ్లు మూతపడతాయి. ఏం పోయింది?”

“నా మోకాళ్లు బాగానే ఉన్నాయిగా.”

“ఒక్క మాటకి అంత పట్టుదలేంటే?”

ఆయన చెడ్డవారేం కాదు. గొడవంటే భయం. అన్నగారు చెప్పిన చోట సంతకం పెట్టి, చెప్పిన రేటుకి కాయ అమ్మి, ఇన్నేళ్లూ గొడవ లేకుండా నెట్టుకొచ్చారు. నాకు మాత్రం అబద్ధం చెప్పి సంతోషపడాల్సిన ఖర్మ పట్టలేదనిపించింది.

మామిడి పూత రాలి పిందె నిలిచాక నూజివీడులో రక్తపరీక్ష చేయిస్తే షుగర్ అన్నారు. కాస్త ఎక్కువే ఉందట. రోజూ నడవమన్నారు. సైకిలు తొక్కుతానంటే ఇంకా మంచిదన్నారు. ఇంటికొచ్చేసరికి మా ఆయన ముఖం వెలిగిపోతోంది. పెళ్లానికి షుగరొస్తే అంత సంబరపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మర్నాటి నుంచి లోకం మారిపోయింది. పాలకేంద్రం దగ్గర అడ్డం తప్పుకున్నారు. మా తోటికోడలు, “ఈ షికార్లేంటమ్మాయ్” అన్న మనిషి, “మంచినీళ్ల సీసా పెట్టుకో” అంది. బావగారు స్వయంగా వచ్చి గేటు తీసి, “వెళ్లిరామ్మా, ఆరోగ్యం ముఖ్యం” అన్నారు. తిరిగొచ్చేటప్పుడు ప్రతివాళ్లూ “ఎంతకి దిగిందండీ?” అని అడిగారు. కొండ దిగావా అని కాదు, షుగర్ దిగిందా అని. నా అడవిని తీసుకెళ్లి మందుల డబ్బాలో పెట్టేశారు. కొన్ని రోజులు ఊరుకున్నాను, లోపల ఉడికిపోతూనే.

కాయ కొనే వ్యాపారులు తోట చూడడానికొచ్చిన రోజు నేను సైకిలు మీద గేటు దగ్గరికి వచ్చాను. వాళ్లు వింతగా చూశారు. బావగారు సర్దిచెప్పారు.

“మా మరదలండీ. పాపం షుగరు. డాక్టరు తొక్కమన్నాడు. లేకపోతే మా ఇళ్లల్లో ఆడవాళ్లు ఇలా తిరుగుతారేంటండీ?”

నేను సైకిలు దిగాను.

“షుగర్ కోసం కాదు బావగారూ. అది రాకముందు నుంచీ వెళ్తున్నాను, రేపు తగ్గిపోయినా వెళ్తాను. నాకిష్టం, అందుకని వెళ్తున్నాను.”

వ్యాపారులు చెట్ల వైపు తిరిగి పిందెలు చూడడం మొదలెట్టారు. బావగారి చెవులు ఎర్రబడ్డాయి.

“జబ్బుకైతే గేటు తీశానమ్మా. ఇష్టాలకి తీయను,” అన్నారు.

మర్నాడు పొద్దున గేటుకి తాళం. పక్కన మంచం వేసుకుని ఆయనే కూర్చున్నారు, పేపరు చదువుతూ. చుట్టూ తిరిగి వెళ్లాలంటే లారీలు పోయే తారు రోడ్డే దిక్కు. ఒక్క మాట, షుగర్ కోసమే బావగారూ, అంటే చాలు. ఆ మాట నా నోట రాదని ఆయనకీ తెలుసు. సైకిలుని గేటు మీదికి ఎత్తబోయాను. సగం దాకా లేచి చేతులు పడిపోయాయి. మళ్లీ ఎత్తాను.

వెనక చెప్పుల చప్పుడైంది. మా ఆయన. నన్ను ఇంటికి లాక్కెళ్లడానికొచ్చారనుకుని, “ఏం చెప్పొద్దు” అన్నాను.

ఆయన లుంగీ ఎగగట్టి, ఊచలు పట్టుకుని గేటెక్కి, అవతలికి దిగారు. దిగుతుంటే చొక్కా జేబు చిరిగింది.

“ముందు చక్రం ఇటివ్వు,” అన్నారు.

బావగారు పేపరు దించారు. “ఏంట్రా, నువ్వు కూడానా?”

మా ఆయన అటు చూడలేదు. గేటు మీదుగా రెండు చేతులూ చాచి ముందు చక్రం అందుకున్నారు. ఇక సైకిలు వదల్లేదు.