ఇంటి సముద్రంలో రాగిరేకు

నా మనవరాలు ఇప్పుడు బడికి వెళ్తోంది. నేను దాచిన మాటకూ దానికీ ఒకటే వయసు. పిల్ల పరుగున వచ్చి నా ఒళ్ళో వాలినప్పుడల్లా ఆ మాట కూడా వచ్చి గుండె మీద కూర్చుంటుంది. పిల్లను దించగలను. మాటను దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళ ముందు నోరు తెరిచే ధైర్యం ఇన్నేళ్ళలో రాలేదు, అందుకే మీకు రాస్తున్నాను.

నేను వంటమనిషిని. ఉండేది బోరబండలో. అప్పట్లో నార్సింగిలో ఎత్తయిన అపార్ట్‌మెంట్లలో ఒక ఇంట్లో వంట చేసేదాన్ని. ఆ పని నాకు ఇప్పించింది స్వరూప. మా బస్తీ మనిషే. అదే ఇంట్లో ఊడ్చి, తుడిచి, గిన్నెలు కడిగేది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. పొద్దున ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళేవాళ్ళం. అంచున కూర్చుంటే నాకు కళ్ళు తిరుగుతాయని లోపలి చోటు ఎప్పుడూ నాకే వదిలేది.

ఆ ఇంటి సారుకు రాయదుర్గంలో కంప్యూటర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. మేడం కాకినాడ వైపు నుంచి వచ్చినావిడ. హాల్లో గోడ పొడవునా సారు ఒక గాజుతొట్టి పెట్టించుకున్నారు. అందరిళ్ళలో ఉండే చేపలతొట్టి కాదు. ఫిల్టరు నీళ్ళలో డబ్బా ఉప్పు కలిపి, అందులో సముద్రపు చేపల్ని పెంచేవారు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జంట ఒకటి, నిమ్మపండు రంగుది ఒకటి, ఎర్రచారల రొయ్య, రాళ్ళ మీద పూలలాగా విచ్చుకునే ఏవో జీవాలు. తొట్టి చూసుకోవడానికి యూసుఫ్ భాయ్ అని ఒకాయన వచ్చేవాడు. నేను అక్కడ నిలబడితే, "ఏంది వంటక్కా, నా చేపలను జూస్తే నీకు పులుసు యాదికొస్తుందా?" అని ఆట పట్టించేవాడు. ఆవిరై తగ్గిన నీళ్ళ బదులు రోజూ ఫిల్టరు నీళ్ళు పోసే పని మాత్రం స్వరూపది. అందుకు ఒక ప్లాస్టిక్ జగ్గు విడిగా ఉండేది.

ఇంటికి ఎవరొచ్చినా సారు ఒకే మాట చెప్పేవారు. "దీన్ని తొట్టి అనుకోకండి, అచ్చం సముద్రం. ఆ నీళ్ళకూ ఈ నీళ్ళకూ తేడా లేదు." నేను సముద్రం ఎప్పుడూ చూడలేదు. ఆ మాట నాలో దిగిపోయింది.

నా కూతురికి ఒకటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మళ్ళీ నిలిచినప్పుడు మా బస్తీ దగ్గర తాయెత్తులు కట్టే పెద్దాయన ఒక రాగిరేకు మీద ఏవో గీతలు గీసి, చుట్టి, నడుముకు కట్టమన్నాడు. కాన్పయ్యాక దాన్ని సముద్రంలో వదలాలన్నాడు. చెరువు పనికిరాదు, కాలువ పనికిరాదు, ఉప్పునీళ్ళే కావాలి. ఇంట్లో ఉంచుకుంటే తల్లి గండం బిడ్డకు చుట్టుకుంటుందన్నాడు. బిడ్డ పుట్టింది. ఒళ్ళంతా పసుపుపచ్చగా ఉందని దవాఖానలో లైటు కింద పెట్టారు. కూతురు ఏడుస్తోంది. నేను సముద్రానికి ఎప్పుడు వెళ్ళను, ఎట్లా వెళ్ళను?

మర్నాడు వంటింట్లో కుక్కరు పెట్టి హాల్లోకి వచ్చాను. ఎవరూ లేరు. తొట్టి మూత జరిపి, దండం పెట్టుకుని, రేకును వెనక రాయి సందులోకి వదిలాను. తెల్ల ఇసుకలోకి దిగిపోయింది. ఆ వారంలోనే బిడ్డ ఇంటికి వచ్చింది. నా మొక్కు తీరిందనుకున్నాను.

తొట్టిలో మొదట రొయ్య చచ్చిపోయింది. తర్వాత నత్తలు గాజుకు పట్టు తప్పి కింద పడ్డాయి. పూలలాంటివి ముడుచుకుపోయి మళ్ళీ విచ్చుకోలేదు. నిమ్మపండు చేప పక్కకు ఒరిగి తేలింది. సారు పిచ్చెక్కినట్టు తిరిగారు. నీళ్ళలో ఉప్పు కొలిచారు, వేడి కొలిచారు, కరెంటు పోయినప్పుడు గాలి ఆగిందేమోనన్నారు. దోమల మందు కొట్టారా, సువాసన స్ప్రే కొట్టారా, ఫినాయిలు చుక్క పడిందా అని మమ్మల్ని అడిగారు. నీళ్ళు మార్చినా చావులు ఆగలేదు. అప్పటికి నాకేం అనుమానం రాలేదని చెప్తే మీరు నమ్ముతారా? రాలేదు. అక్కడిదాకా నాది తెలియనితనమే. ఆ తర్వాతది కాదు.

యూసుఫ్ భాయ్ ఒకరోజు నీళ్ళను పరీక్షించే కొత్త మందు తెచ్చి, చిన్న గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పోసి చుక్కలు వేశాడు. నీళ్ళు నీలంగా తిరిగాయి. సారు మా ఇద్దరినీ పిలిచారు.

"ఇందుల రాగి ఉంది సార్," అన్నాడు యూసుఫ్ భాయ్. "రొయ్యకు, నత్తకు రాగి అంటే జహర్. అవి చస్తే నీళ్ళు ఖరాబ్ అయినయ్, చేపలు పోయినయ్. అమ్మా, జర నిజం చెప్పుండ్రి. రాగిది ఏమన్న తగిలిందా గీ నీళ్ళకు?"

రాగి అనగానే నాకు రేకు గుర్తొచ్చింది. నేను నోరు తెరిచేలోపే స్వరూప ముందుకొచ్చింది.

"జగ్గు పగిలిన దినం మీరు తాగే రాగిచెంబుతోని పోసిన సార్. ఒక్కపారే. మల్ల మేడం కొత్త జగ్గు తెచ్చింది."

"ఒక్కసారేనా?" అన్నారు సారు.

"ప్రభువుకు తెలుసు సార్. ఒక్కపారే."

"ఒక్క చెంబుకు ఇంత రాదు," అన్నాడు యూసుఫ్ భాయ్ తల గోక్కుంటూ. "రోజు పోస్తే వస్తదేమో."

మేడం నవ్వారు, కోపంగా. "ఒకసారి అని ఒప్పుకుందంటే రోజూ పోసినట్టేనండి. ఎన్ని ఇళ్ళలో చూడలేదు!"

స్వరూప నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వన్న చెప్పవే. నువ్వు ఆడనే ఉంటవ్ గద, చూస్తనే ఉంటవ్."

"నాకేం తెల్వదు," అన్నాను. "నేను వంటింట్ల ఉంటా."

అంతే. నేను అన్నది అంతే.

ఎందుకన్నాను? చెప్తే రేకు బయటికి తీస్తారు, తీస్తే బిడ్డకు ఏమవుతుందోనని. ఇది నిజమే. కానీ ఇదొక్కటే నిజమా? పని పోతుందని భయపడలేదా? చదువుకున్నవాళ్ళ ముందు తాయెత్తు సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడలేదా? ఈ మూడింట్లో ఏది ముందు వచ్చిందో నన్ను నేను చాలాసార్లు అడిగాను, ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది, వచ్చిన ప్రతి జవాబూ నా వైపే కొంచెం ఒరిగి ఉంటుంది. ఒకటి మాత్రం తెలుసు. స్వరూప తను చేసిన చిన్న తప్పును తానే చెప్పింది, చెప్పినందుకే దొరికిపోయింది. నేను చెప్పలేదు, బతికిపోయాను.

ఆమెను ఆ రోజే పంపేశారు. గేటు దగ్గర ఆమె పేరు తీసేశారు. మేడం ఆ అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ళ గ్రూపులో రాశారు. అక్కడే స్వరూప చేసే మిగతా ఇళ్ళు కూడా వద్దన్నాయి.

తొట్టిలో నారింజ జంట ఒక్కటే మిగిలింది. నీళ్ళ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉండేవి. చూడలేకపోయాను. ఎవరూ లేనప్పుడు చెయ్యి పెట్టి ఇసుకలో వెతికి రేకు తీసి కొంగున కట్టుకున్నాను. బందరు వైపు వెళ్ళే మా బంధువుకు ఇచ్చి సముద్రంలో వేయమన్నాను. మనవరాలికి ఏమీ కాలేదు. సారు డబ్బా ఉప్పు కలిపితే సముద్రమైనప్పుడు, మా ఇంట్లో బకెట్టు నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేస్తే ఎందుకు కాకపోయేది? ఆ ఆలోచన అప్పుడు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టుకోవాలనిపిస్తుంది.

రేకు తీసి మంచిపని చేశాననుకున్నాను. ఇక్కడే ఇంకా పెద్ద పాపం జరిగింది. యూసుఫ్ భాయ్ నీళ్ళు మార్చాడు, నీళ్ళలోని విషం పీల్చే బొగ్గు సంచీ వేశాడు, ఈసారి చావులు ఆగాయి. మేడం కాఫీ తాగుతూ అన్నారు, "చూశావా, అది వెళ్ళాక ఒక్క చేప చావలేదు. ఇంకేం రుజువు కావాలి?"

"ఔను మేడం," అన్నాను.

మొదటిసారి నోరు మూసుకున్నాను, భయం అనుకోండి. ఈసారి అడగకుండానే ఔనన్నాను. ఆ ఔను ఎక్కడి నుంచి వచ్చింది నాలో? ఆమె తప్పు చేసిందని అందరూ నమ్మితే, కొన్నాళ్ళకు నేనూ నమ్మగలనని ఆశపడ్డానా?

స్వరూప రాయదుర్గంలో ఒక ఆఫీసు బిల్డింగులో శుభ్రం చేసే పనికి కుదిరింది. షిఫ్టంతా నిలబడే ఉండాలి, మోకాళ్ళు వాచిపోయాయి. నా మీద ఆమెకు కోపం లేదు. నువ్వు చూడలేదు కాబట్టే చెప్పలేదు అక్కా అంటుంది. కూరగాయల దగ్గర కనబడితే ముందు అడిగేది మనవరాలి గురించే. "బిడ్డ పచ్చగ పుట్టింది గద, ఆ దినం సంది ప్రతి ఆదివారం చర్చిల దాని కోసం ప్రార్థన చేస్తున్న అక్కా," అని ఒకరోజు అంది. నేను వంకాయలు ఏరుతూ తల ఎత్తలేదు.

తర్వాత నేను ఆ ఇల్లు మానేశాను. మానేస్తే బరువు తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. చెప్పాలని రెండుసార్లు ఆమె గుమ్మందాకా వెళ్ళి ఏదో కబురు చెప్పి వచ్చేశాను. మళ్ళీ వెళ్తానో లేదో మాట ఇవ్వలేను. మాట ఇచ్చి తప్పడం కూడా నాకు చేతనవునని తెలుసు. ఆమె చదవగలదు. ఇది ఆమె కంట పడితే ఏమంటుందో ఊహించుకోను. క్షమిస్తుందని ఊహించుకుంటే అది కూడా నాకు నేను చేసుకునే ఉపకారమే అవుతుంది.

స్వరూప పోసింది ఒక్క చెంబే. రేకు వేసింది నేను. తెలిసీ తెలియదన్నది నేను. రుజువు దొరికిందంటే ఔనన్నదీ నేనే.

ఇది రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. రాశాక ఊపిరి కొంచెం లోపలికి దిగింది.