అత్తగారికి నేను చెప్పిన మూడు గంటలు

నేను లెక్కల ఎమ్మెస్సీ. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత నన్ను తిట్టుకోవడానికి మీకు వీలుగా ఉంటుంది.

డెబ్బైల చివర్లో సంగతి. న్యూయార్క్‌లో నా కాపురానికి అప్పటికి మూడు నెలలు. సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉన్న మా ఆడపడుచుకి నెలలు నిండాయి. పురుడు పోయడానికి గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు ముందు మా ఇంట్లో దిగారు. ఆవిడని అక్కడికి విమానం ఎక్కించే పని నా మీద పడింది. ఆస్పత్రి డ్యూటీల్లో మునిగి ఉన్న మా ఆయన "టైములు నువ్వే చూసుకో" అన్నారు. టికెట్ మీద తొమ్మిదికి బయల్దేరి పదకొండూ యాభైకి దిగుతుందని ఉంది. తీసేస్తే మూడు గంటలైనా లేదు. హైదరాబాదు నుంచి ఢిల్లీ కన్నా కాస్త ఎక్కువ, అంతేగా అనుకున్నాను.

అత్తగారికి షుగరు. పైగా ఆ రోజు శుక్రవారం, ఉపవాస ప్రార్థన. "నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాకే ఏదైనా నోట్లో పెట్టుకుంటా" అన్నారు. ఆవిడ పట్టు పట్టారంటే పాస్టరుగారు కూడా కదిలించలేరు. ప్రతి శుక్రవారం పొద్దున్నే మాత్ర వేసుకుని పన్నెండింటికి ఉపవాసం విడవడం ఆవిడకి అలవాటే. అందుకని ఎనిమిదింటికి నా చేత్తోనే మాత్ర ఇచ్చాను.

"మూడు గంటలు ఓపిక పట్టండి అత్తయ్యా, దిగగానే భోజనం."

పన్నెండున్నరకి బాతెల్‌కి ఫోన్ చేశాను. ఆడపడుచే ఎత్తింది.

"అత్తయ్య తిన్నారా?"

"అమ్మ ఇంకా రాలేదు వదినా. ఇక్కడ తొమ్మిదున్నరే కదా. ఈయన పదకొండుకి ఎయిర్‌పోర్ట్‌కి స్టార్ట్ అవుతారు."

ఒకే దేశంలో రెండు టైములు ఉంటాయని నాకేం తెలుసు? మన దగ్గర ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే టైము. అది ఆరు గంటల ప్రయాణం. మాత్ర మింగిన మనిషి, ఖాళీ కడుపు, షుగరు పడిపోతుంది. కళ్లు తిరుగుతున్నాయని చెప్పుకోవడానికి ఇంగ్లీషు కూడా రాదు. విమానం కంపెనీకి ఫోన్ చేస్తే ఆగమని చెప్పి సంగీతం పెట్టారు. చంపేశాను, మా అత్తగారిని నేనే చంపేశాను అని పైకే అనేశాను. మా ఆయనకి చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

మూడున్నరకి ఫోన్ మోగింది. అత్తగారి గొంతే. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడా ఏడుస్తున్నారు.

"మూడు గంటలన్నావు కదమ్మా. గడియారంలో ఆ మూడు గంటలూ దాటి ఇంకో అరగంటైంది, దిగదే. కింద చూస్తే అన్నీ కొండలు. దారి తప్పిందనుకున్నా. పక్కనున్న దొరసాని మాత్రం హాయిగా పుస్తకం చదువుకుంటోంది, పాపం దానికి తెలియదు. నాకు ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. ఇక బిడ్డని చూడను, ప్రభువు పిలుస్తున్నాడనుకున్నా. అప్పుడే విమానంలో వడ్డించే పిల్ల ట్రేలో రొట్టె, ద్రాక్షరసం పెట్టిపోయింది. చర్చిలో ఇచ్చే ప్రభువు బల్లే ఇది, నాకు ఇదే ఆఖరిది అనుకుని ప్రార్థన చేసి రెండూ పుచ్చుకున్నా. కాసేపటికి ఎంత నెమ్మదొచ్చిందో."



"ఉపవాసం తప్పాను. నా బిడ్డకేమీ కాదు కదా?" అన్నారు.

"తప్పు మీది కాదత్తయ్యా, నాది" అన్నాను.

"విమానం దారి తప్పితే నువ్వేం చేస్తావులేమ్మా" అన్నారావిడ.