కుప్ప చుట్టూ బడి

హెలెన్ టీచర్ మా బడికి వచ్చిన ఏడాది చేసిన ఒక ఘనకార్యం గురించి ముందు చెప్పాలి. మిగతా కథంతా దాని వెనకాలే వచ్చింది. పైగా అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు.

అద్దంకి పక్కన మిరప పండించే ఊరు మాది. ప్రైమరీ స్కూల్లో టీచర్లం ఇద్దరమే. నేను హెడ్మాస్టర్ని. హెడ్మాస్టరంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు! తాళంచెవులు నా జేబులో ఉంటాయి, మధ్యాహ్నం గుడ్లు తక్కువైతే తిట్లు నాకు పడతాయి, అంతే తేడా. హెలెన్‌ది వాడరేవు. వాళ్ళ నాన్న జోసఫ్ అక్కడి చర్చిలో గంట కొట్టి, నేల ఊడ్చి, పాస్టరుగారు రాని రోజు ప్రార్థన కూడా చేయించే మనిషి. సముద్రం ఒడ్డున పెరిగింది కాబట్టి చేపను చూడకుండా వాసనతోనే పేరు చెబుతుంది. మిరపకాయను మాత్రం కూరలో తప్ప ఎరగదు.

ఒకటి, రెండు తరగతులు నావి. మూడు, నాలుగు, అయిదు కలిపి ఒకే గదిలో ఆవిడకి. ఆ గదిలో పేపరు గడగడా చదివేవాళ్ళున్నారు, గుణింతం దగ్గరే బండి ఆగిపోయేవాళ్ళున్నారు, కూర్చోమంటే కూర్చోలేని సాదిక్ లాంటివాళ్ళూ ఉన్నారు. అందరికీ ఒకే పాఠం చెబితే లాభం లేదని ఆవిడ పిల్లల్ని మూడు జట్లు చేసింది. తెలివైనవాళ్ళు, మొద్దులు అనే మాట తన గదిలో వినపడకూడదని పట్టుదల. అందుకని ఊళ్ళో బస్తాల మీద చూసిన మిరప రకాల పేర్లు పెట్టింది. చదవడం రానివాళ్ళు చిన్నబుచ్చుకోకుండా వాళ్ళకి తేజ అని, కాస్త వచ్చినవాళ్ళకి బాడిగ అని, బాగా చదివేవాళ్ళకి ఆర్మూరు అని.

ఇంకేముంది! ఆ పిల్లలంతా మిరప రైతుల పిల్లలు, మిరప కూలీల పిల్లలు. గుంటూరు మిర్చి యార్డులో ఏ రకం ఏ ధర పలికిందో ఇంట్లో కాఫీ కంటే ముందు తెలుస్తుంది వాళ్ళకి. ఆ వారం తేజది అన్నిటికంటే పైధర, ఆర్మూరుది అన్నిటికంటే కింద. మర్నాడు పొద్దున్నే ప్రకాష్ వాళ్ళ నాన్న మోటార్ సైకిల్ వేసుకుని వచ్చాడు. ప్రకాష్ బళ్ళో అందరికంటే బాగా చదివేవాడు.

"ఏందండీ మాస్టారూ, మావాణ్ణి ఆర్మూరులో వేశారంట! రాత్రి అన్నం తినలా వాడు. తేజలో వేయటానికి ఏం రోగం?"

తేజ జట్టు పిల్లలేమో కాలరెగరేసుకుని తిరగడం మొదలుపెట్టారు. గుణింతం రాకపోయినా ధర వచ్చింది కదా. తర్వాతి వారం బాడిగ ధర ఎక్కిందని బాడిగ వాళ్ళు బెంచీల మీద గంతులేశారు. హెలెన్ నా దగ్గరికొచ్చి, "సార్, ఈ ఊళ్ళో దేనికీ ధర లేని పేరంటూ ఉండదా?" అని అడిగింది. గోంగూర, తోటకూర అని పెట్టుకోమన్నాను. ఆవిడకి ఒళ్ళు మండి పేర్లన్నీ చెరిపేసింది.

అంతటితో పోయేది. కానీ ఈ గొడవ మాబూబీ చెవిన పడింది.

మాబూబీ మా ఊరి ఆడకూలీల ముఠాకి మేస్త్రి. కాయ కోయాలన్నా, కల్లంలో తొడిమలు తీయాలన్నా ఆవిణ్ణి అడగాల్సిందే. ఆవిడ నోటికి భూస్వాములే జడుస్తారు, నేనెంత? ఆవిడ మనవరాలు నజ్మీన్ ఆ ఏడే మా బళ్ళో మూడో తరగతిలో చేరింది. చక్కటి పిల్ల, కానీ నోరు విప్పదు. బల్ల దగ్గరికి పిలిచి అడిగితే జవాబు చెబుతుంది. బెంచీలో ఉండగా అడిగితే గోడకి చెప్పినట్టే. బెరుకు అనుకుంది హెలెన్. చదువు ఎక్కని పిల్ల అనుకున్నాను నేను.

"తేజలో వేశారో తాలులో వేశారో నాకనవసరం టీచరమ్మా," అంది మాబూబీ గుమ్మంలో నిలబడి. "ఇన్ని నెలలైంది, మా పిల్లకి ఒక్క ముక్క వచ్చిందా? బెంచీ మీద కూర్చుని ముందున్నోళ్ళ జడలు చూసుకుంటా ఉంది. పై సోమవారం నుంచి నాతో కల్లానికి తీసుకుపోతా. తొడిమలు తీయటమన్నా నేర్చుకుంటది."

హెలెన్ బతిమాలింది. మాబూబీ వినలేదు. ఆవిడ వెళ్ళాక హెలెన్ ముఖం చూస్తే నాకే బాధేసింది. ఒక్కసారి కల్లం ఎక్కిన ఆడపిల్ల మళ్ళీ బెంచీ ఎక్కదని మా ఇద్దరికీ తెలుసు.

ఆదివారం చర్చి అయిపోగానే హెలెన్ నా ఇంటికొచ్చింది. "సార్, కల్లానికి వెళ్ళి ఇంకోసారి అడుగుదాం. నాతో రండి, నాకు భయం," అంది. నాకు మాత్రం లేదా భయం? అయినా హెడ్మాస్టర్ని కదా, వెళ్ళాను.

మార్చి ఎండలో కల్లం అంటే ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. ఎటు చూసినా ఎర్రగా ఆరబోసిన కాయలు. గాలి అటు నుంచి ఇటు తిరిగిందంటే కళ్ళూ ముక్కూ ఏకమైపోతాయి. నేను జేబురుమాలు మూతికి గట్టిగా కట్టుకున్నాను. హెలెన్ తెల్లచీర కొంగుతో ముక్కు మూసుకుని తుమ్ములు లెక్కపెట్టుకుంటోంది. మాబూబీ ముఠా పాక కింద కూర్చుని తొడిమలు తీస్తోంది. మధ్యలో కాయల కుప్ప, దాని చుట్టూ గుండ్రంగా ఆడవాళ్ళు. సెలవు కాబట్టి నజ్మీన్ కూడా వాళ్ళ మధ్యే కూర్చుంది.

మేం చూసిన నజ్మీన్ కాదు ఆ పిల్ల! ఒకావిడ వాళ్ళాయన గురకని అనుకరించి చూపిస్తే అందరికంటే ముందు పడీ పడీ నవ్వింది. ఇంకో ఆవిడ కథ చెబుతూ ఆగితే, "తర్వాత ఏమైంది పిన్నీ?" అని తొందరపెట్టింది. ఇంత మాటకారి మా బళ్ళో ఏ మూల దాక్కుందో నాకు అర్థం కాలేదు.

నేను దగ్గరికెళ్ళి, "ఏమ్మా నజ్మీన్, బాగున్నావా?" అన్నాను. పలకలేదు. మళ్ళీ అన్నాను. నా వంక అయోమయంగా చూసింది.

వెంకటరావమ్మ అని, ఆ ముఠాలో పెద్దావిడ, కసిరినట్టు అంది. "ఆ గుడ్డ తీసి మాట్లాడండి మాస్టారూ! మూతి కనపడకపోతే పిల్లకెట్టా వినపడుద్ది?"

అన్నాక నాలిక్కరుచుకుంది. మాబూబీ ఆవిడ వంక చూసిన చూపుకి పచ్చికాయలైనా ఎండిపోయేవి.

అప్పుడు చూశాను. ఇంత ఘాటులో ఆ ఆడవాళ్ళలో ఒక్కరి మూతికీ గుడ్డ లేదు. తలకి తువ్వాళ్ళున్నాయి, ముక్కులు ఎర్రగా ఉన్నాయి, కళ్ళు కారుతున్నాయి. మిగతా కల్లాల్లో కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా చుట్టుకుంటారు. వీళ్ళు మాత్రం ఆ ఒక్క పిల్ల కోసం, వాళ్ళ కబుర్లు దానికి అందాలని, పొద్దస్తమానం ఆ మంట పీలుస్తూ కూర్చున్నారు. నేను రుమాలు విప్పేశాను. విప్పగానే ఏడు ఊళ్ళకి వినపడేలా తుమ్మాను. నజ్మీన్ నవ్వింది.

హెలెన్ నవ్వలేదు. మాబూబీ పక్కన నేల మీదే కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదమ్మా? నేను బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతుంటే ఆ పిల్ల నా వీపుని చదువుతోందన్నమాట ఇన్నాళ్ళూ," అంది.

"చెబితే ఏమవుద్ది టీచరమ్మా? రేపట్నుంచి ఊరంతా చెవిటి నజ్మీన్ అంటారు," అంది మాబూబీ. "మా ఆయన పేరు సిలార్. కాలు కొంచెం ఈడ్చేవాడు. బతికినన్నాళ్ళూ కుంటి సిలారే. ఆయన పోయిన రోజు మైకులో కూడా కుంటి సిలార్ పోయాడనే చెప్పారు. నా మనవరాలికి ఆ గతి పట్టనీయను. ఇక్కడైతే అది ఉత్త నజ్మీనే."

ఆ మైకు ప్రకటన నేనూ విన్నాను. విని, అయ్యో పాపం కుంటి సిలార్ అనుకున్నాను.

"ఒంగోలులో చెవులకి పరీక్ష చేయిద్దాం. మిషను ఇస్తారు," అంది హెలెన్.

"మిషను పెడితే లోకానికి కనపడదా? ఆ మాటెత్తొద్దు."

"సరే. ఎత్తను. ఎవరికీ చెప్పను కూడా. ఒక్క వారం మాత్రం పిల్లని నా దగ్గర వదులు. ఉత్త నజ్మీన్‌గానే చదివిస్తాను. వారం తర్వాత నువ్వే వచ్చి చూడు. నచ్చకపోతే తీసుకుపో."

మాబూబీ చాలాసేపు తొడిమలు తీసి, "ఒక్క వారం," అంది.

సోమవారం పొద్దున్నే నాకూ హెలెన్‌కీ యుద్ధం. ఆ గదిలో బెంచీలన్నీ వరండాలో పెట్టించమంటుంది! ఎన్ని అర్జీలు పెడితే వచ్చాయవి! వాటికి రంగులు వేయించి, వరసగా పేర్పించి, వచ్చినవాళ్ళకల్లా చూపించుకుంటున్నాను. "దేశమంతా నేల మీంచి బెంచీల మీదికి ఎక్కుతుంటే నువ్వు దించుతావా?" అని అరిచాను. ఆవిడ అరవలేదు. "సార్, నిన్న కల్లంలో మీరూ ఉన్నారు కదా," అంది. అంతే, ఒక కొస నేనే పట్టుకుని బెంచీలు మోశాను.

నేల మీద పరవడానికి ఎవరో మిరపకాయలు ఆరబోసే పట్టా తెచ్చారు. ఎంత కడిగినా రెండ్రోజులు పిల్లలంతా తుమ్ముతూనే ఎక్కాలు చెప్పారు. మధ్యలో కథల పుస్తకాలు, పలకలు, అట్టముక్కలు కుప్ప పోసింది. కుప్ప చుట్టూ పిల్లలు, పిల్లల మధ్యే తను. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళ పక్కన కూర్చున్నారు. నజ్మీన్‌ని మాత్రం ప్రకాష్ పక్కన కాదు, ఎదురుగా కూర్చోబెట్టింది. కుదురులేని సాదిక్‌కి కుప్పలోంచి పుస్తకాలు అందించే పని అప్పగించింది. వాడు రోజంతా లేస్తూనే ఉండాలి, వాడికి కావాల్సిందీ అదే.

ఇక ఆవిడ పెట్టిన రూలు ఒక్కటే. మాట్లాడేవాళ్ళు ముఖం ఎత్తి మాట్లాడాలి. ఎవరు తల దించుకున్నా, పుస్తకం అడ్డం పెట్టుకున్నా, గోడ వైపు తిరిగినా, చుట్టూ ఉన్నవాళ్ళంతా కలిసి "వినపడట్లా!" అని అరవాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. అరవమని టీచరే చెబితే పిల్లలకి కారణాలెందుకు? మొదటి రోజు అందరికంటే ఎక్కువ అరుపులు తిన్నది హెలెనే. బోర్డు వైపు తిరిగి మాట్లాడే అలవాటు ఓ పట్టాన పోతుందా? పక్కగదిలో నా ఒకటో తరగతి పిల్లలు కూడా నేర్చుకుని నా మీద అరవడం మొదలుపెట్టారు.

తర్వాతి సోమవారం మాబూబీ వచ్చింది. ఆటో దుమ్ముకి మూతికి తువ్వాలు చుట్టుకునే ఉంది. ముఠా అంతా రోడ్డు మీద ఆటోలో ఎదురుచూస్తోంది. నేను గబగబా వెళ్ళి ఏదో చెప్పబోతే చేత్తో ఆపి, కిటికీ దగ్గర నిలబడింది.

లోపల సాదిక్ చదువుతున్నాడు. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టేసుకున్నాడు. గది గదంతా "వినపడట్లా!" అని గోల. ఆ గోలలో అందరికంటే గట్టి గొంతు నజ్మీన్‌ది. సాదిక్ పుస్తకం దించి, పళ్ళికిలించి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత వంతు నజ్మీన్‌దే. కూడబలుక్కుంటూ, రెండు చోట్ల తడబడుతూ, నక్క కథ ఒక పేజీ చదివింది. ఒక మాట దగ్గర ఆగిపోతే ఎదురుగా ఉన్న ప్రకాష్ పెదాలతో మెల్లగా అందించాడు. అందుకుని ముందుకి పోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సాదిక్ తర్వాతివాడికి పుస్తకం అందించాడు, అంతే. వాళ్ళకి అది మామూలు సంగతి.

మాబూబీ గుమ్మంలోకి నడిచి వచ్చి, హెలెన్‌తో ఏదో అంది. తువ్వాలు చాటున గొణిగినట్టుంది, నాకే అర్థం కాలేదు.

పిల్లలంతా ఒక్కసారి అటు తిరిగారు. "వినపడట్లా!"

ఊరు ఊరంతా జడిసే మేస్త్రి మీద అరిచారు వెధవలు! మాబూబీ పిల్లలందరి వంకా ఒకసారి చూసింది. నజ్మీన్ కూడా నోరంతా తెరిచి అరుస్తోంది, అందరిలో ఒకతెగా. ఆవిడ మెల్లగా తువ్వాలు మూతి మీంచి కిందికి లాగింది. ఆ ముఖం మీద నవ్వుందో ఏడుపుందో, రెండూ ఉన్నాయేమో.

"పిల్ల ఇక్కడే ఉంటదని అంటన్నా," అంది అందరికీ వినపడేలా. "ఒంగోలు ఎప్పుడు పోదామో మీరే చెప్పండి టీచరమ్మా."