చేతిలో పెడితేనే టిప్పు

నల్లపాడు స్టేషను ఎదురుగా బాపయ్య మీల్స్ హోటల్లో మరియదాసు సర్వరు. ఎనభై నాలుగులో నేను ఆ స్టేషన్లో బుకింగ్ క్లర్కుని, రెండు పూటలా అక్కడే భోజనం. పప్పులో ఉప్పు తగ్గితే బాపయ్యతో పోట్లాడేవాణ్ణి. మరియదాసుతో మాత్రం ఎవరికీ పేచీ ఉండేది కాదు. అడక్కముందే చారు, చాలనేదాకా అన్నం. అతని వడ్డన అలాంటిది.

టిప్పు దగ్గరే మనిషి మొండిఘటం. బల్ల మీద చిల్లర వదిలి వెళితే తీసుకెళ్ళి గల్లాపెట్టెలో వేసేవాడు. చేతికిస్తేనే తనది. ఇంట్లో భార్య పున్నమ్మ మిరపకోతలకు వెళితే గానీ గడవదు, ఈయనగారికి ఈ పట్టుదల! నాకు ఒళ్ళు మండి ఒకరోజు నిలదీశాను. తను చర్చి పేటవాడని తెలిసి, చెయ్యి తగలకుండా ఉండాలనే చాలామంది బల్ల మీద పడేస్తారని నెమ్మదిగా చెప్పాడు. వడ్డిస్తే తింటారు కదా, చెయ్యి తగిలితే ఏమిటట అన్నాడు.

మిర్చి వ్యాపారి చెంచయ్య సీజన్లో రోజూ పదిమంది రైతుల్ని వెంటేసుకుని వచ్చేవాడు. హోటలు బేరంలో సగం అతని చలవే. ఎవరో ఈ సంగతి అతని చెవిన వేశారు. ఆ రోజు భోంచేసి, ఎంగిలి విస్తట్లో రూపాయి బిళ్ళ పడేసి, కావాలంటే ఏరుకోమన్నాడు. మరియదాసు విస్తరిని రూపాయితో సహా మడిచి బుట్టలో పారేశాడు.

బాపయ్య హడలిపోయాడు. రేపు ఆయన ఎలా ఇస్తే అలా తీసుకో, లేదంటే ఎల్లుండి నుంచి పనిలోకి రావద్దని తేల్చేశాడు.

మర్నాడు చెంచయ్య వచ్చాడు. మరియదాసు ఎప్పటిలాగే కొసరి కొసరి వడ్డించాడు. భోజనమయ్యాక అందరూ చూస్తుండగా చెంచయ్య ఎడమచేత్తో రూపాయి తీసి చాచాడు.

"చేతికే ఇస్తున్నాగా, పట్టు."

గల్లాపెట్టె దగ్గర బాపయ్య తల ఊపుతూ సైగ చేస్తున్నాడు. మరియదాసు చెయ్యి చాచాడు గానీ రూపాయి అందుకోలేదు.

"కుడిచేత్తో ఇవ్వండి బాబూ. కడుక్కుని రండి, నేనిక్కడే ఉంటాను."

చెంచయ్య ముఖం ఎర్రబడింది. లేచి చేతులు కడుక్కునే పంపు వైపు వెళ్ళాడు. ఆ పంపు వీధి గుమ్మం పక్కనే. అటునుంచి అటే పోతాడనుకున్నాను. పోతే రైతులూ పోతారు, మరియదాసు ఉద్యోగమూ పోతుంది. అతను మాత్రం చాచిన చెయ్యి దించకుండా అలాగే నిలబడ్డాడు. వీడికి భయమన్నదే లేదురా దేవుడా అనుకున్నాను.

చెంచయ్య కండువాతో చెయ్యి తుడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. కుడిచేత్తో రూపాయిని అతని అరచేతిలో పెట్టాడు.

మరియదాసు నా బల్ల దగ్గరికొచ్చి మజ్జిగ పోశాడు. సగం గ్లాసులో పడింది, సగం నా పంట్లాం మీద పడింది. అన్నాళ్ళలో అతను చుక్క ఒలకబొయ్యడం నేను చూళ్ళేదు.